మూడో గది: 812

రోజు 1

గాలి: ఒకటో గది 790. రెండో గది 845. మూడో గది 812.

పెద్దపెట్టెకి ఇవాళ కొత్త గూళ్ళు బిగించాను. సముద్రం అడుగున మా లోతుపేటలో తలుపులు, నీళ్ళు, గాలి, దీపాలు అన్నీ నడిపేది ఈ కంప్యూటరే. గూళ్ళు అంటే దాని మెమొరీ. ఇరవై ఏడేళ్ళు నూటేడు కోట్ల గూళ్ళతో నెట్టుకొచ్చాం. ఇప్పుడవి నాలుగు వందల ఇరవై తొమ్మిది కోట్లయ్యాయి. పైనుంచి పడవవాళ్ళు పంపిన ముక్కలివి. అడగ్గానే ఎందుకు పంపారో నాకింకా అర్థం కాలేదు. ఒక్కోటీ దీపం కింద పెట్టి తిప్పి తిప్పి చూశాను. కనపడే లోపం లేదు. కనపడనిది ఉండే ఉంటుంది.

పాత గూళ్ళలోని సామాను కొత్తవాటిలోకి మార్చడానికి పొద్దుటి షిఫ్టంతా పట్టింది. ఇల్లు మారడం లాంటిదే. తలుపుల పట్టీ, నీటి పట్టీ, గాలి అంకెలు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు ఎత్తి కొత్త చోట పెట్టాను. ఖాళీ అయిన పాత గూళ్ళు తర్వాత ఎవరికివ్వాలో కెర్నెల్ చూసుకుంటుంది. కెర్నెల్ అంటే పెట్టె లోపలి పెత్తందారు. ఎవరికి ఏ గూడో అది చెప్పిందే ఖాయం. ఆ పెత్తందారుని కనిపెట్టుకుని ఉండేది నేను, వరహాలుని, కెర్నెల్ కాపరిని.

సభకి పెద్ద అయిన సన్యాసమ్మ అత్త స్వయంగా వచ్చి నాచు పకోడీలు ఇచ్చి వెళ్ళింది. నేను కాపరినైన పన్నెండేళ్ళలో ఎప్పుడూ తేలేదు. పకోడీలు తిన్నాను గానీ కారణం తేలేదు.

రోజు 6

గాలి: ఒకటో గది 802. రెండో గది 831. మూడో గది 812.

ఇవాళ రేకులు తుడిచే రోజు. మొత్తం నలభై ఒక్క రేకులు. సముద్రం కింద ఎంత తుడిచినా రాగి పచ్చబడుతూనే ఉంటుంది.

ఈ పుస్తకం రేపెవరి చేతిలో పడుతుందో తెలియదు కాబట్టి రేకుల సంగతి రాసిపెడతాను. పేటలోని యంత్రాల్లో సగం పాత ఓడల్లోంచి ఊడదీసినవి. ప్రతి యంత్రమూ తన మాటని పెట్టెలో ఒక గూట్లో పెట్టాలి. ఏ గూట్లో పెట్టాలో కెర్నెల్ నంబరు చెబుతుంది. ఆ నంబరుని యంత్రం తన తీగల మీద పట్టుకుంటుంది. తీగ ఒక్కటి పెరిగితే యంత్రానికి అందే గూళ్ళు రెట్టింపవుతాయి. ముప్పై రెండు తీగలుంటే నాలుగు వందల ఇరవై తొమ్మిది కోట్ల దాకా అందుతుంది. తీగలు తక్కువైతే అంత దూరం చెయ్యి చాలదు.

అందుకని పేట పెట్టిన ఏడాది 'చెయ్యి చాపుడు' అని ఒక వేడుక జరిగింది. ఒక్కో యంత్రం కాపరీ సభలో లేచి తన యంత్రం చెయ్యి ఎంతో గట్టిగా చెప్పాడు. అప్పటి కెర్నెల్ కాపరి తవిటినాయుడు తాత ఆ అంకెని రాగిరేకు మీద కొట్టించి, రేకుని మడిచి, లక్క పోయించాడు. మేకూ సుత్తీ పట్టుకుని కొట్టింది నేనే. అప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు, తాత దగ్గర పని నేర్చుకుంటున్నాను. రేకు మీది అంకె కెర్నెల్‌కి ఎక్కింది. అంతే, ఇక దానికి తిరుగులేదు. రేకు మార్చినవాళ్ళని పైకి పంపేస్తారు. రేకు మీద ఫిర్యాదు చేసే హక్కు ఆ యంత్రం కాపరికి ఒక్కడికే ఉంది. అదీ సభ ముందు, లక్క పగలగొట్టించి.

మొత్తం నలభై ఒక్క యంత్రాలవీ ముప్పై రెండే. ఆ రోజు సభ ఎవరినో చూసి నవ్వినట్టు గుర్తుంది. ఎవరినో గుర్తులేదు.

రోజు 11

గాలి: ఒకటో గది 797. రెండో గది 850. మూడో గది 812.

మూడో గది గాలియంత్రం కాపరి ఎల్లాజి వచ్చాడు. అరవై నాలుగేళ్ళ మనిషి. గదిలో జనానికి తలనొప్పులు, పిల్లలు పొద్దున్న లేవలేకపోతున్నారు అన్నాడు.

"అంకె ఎనిమిది వందల పన్నెండు ఉంది చిన్నాన్నా," అన్నాను. "మనం వదిలే ఊపిరి పదిహేను వందలు దాటితే గదా చెడుగాలి. దాటితే పంకాలు వాటంతటవే జోరందుకుంటాయి."

"అంకె అలాగే ఉందమ్మా. గాలి అలాగ నేదు. నా ముక్కుకి తెలీదేటి?"

ముక్కుతో గాలి కొలిచే మనిషిని ఇప్పుడే చూడటం. ఎల్లాజి తలనొప్పి అనగానే మిగతావాళ్ళకీ తలనొప్పి వచ్చి ఉంటుంది. ఒకడు ఆవలిస్తే పదిమంది ఆవలిస్తారు. పంపించేశాను. అతను వెళ్తూ వెళ్తూ రేకుల గోడ వైపు చూశాడు. ఎందుకు చూసినట్టు?

రోజు 13

గాలి: ఒకటో గది 811. రెండో గది 828. మూడో గది 812.

సున్నపు దిమ్మలు పదకొండు తగ్గాయి.

పంకాలు ఆగిపోయిన నాడు గదిలో ఈ దిమ్మలు విప్పి పరిస్తే చెడుగాలిని పీల్చుకుంటాయి. ఆపద వచ్చిన నాటి కోసం దాచినవి. సభ ముద్ర లేకుండా ఎవరు ముట్టుకున్నా పైకి పంపాల్సిందే, అందులో మొహమాటం లేదు. ఇన్నేళ్ళు నీళ్ళ కింద బతికిన మా ఒళ్ళు పైన ఎండకి ఆగదు. పైకి పంపిన ముగ్గురిలో ఎవరి కబురూ మళ్ళీ రాలేదు.

కొట్టు తలుపు పట్టీ చూశాను. తలుపు తీసింది ఎల్లాజి, మూడుసార్లు. దాచుకోవడానికి కూడా ప్రయత్నించలేదు. అదే నాకు మరీ అనుమానంగా ఉంది.

వెళ్ళి అడిగాను. మూడో గదిలో పరిచానన్నాడు. వాడేసిన దిమ్మలేవి అంటే చెత్తగొట్టంలోంచి సముద్రంలోకి తోసేశానన్నాడు. గదిలోవాళ్ళంతా అవును, పరిచాడు, పరిచాక తల తేలికపడింది అన్నారు. వాళ్ళు అతని గదివాళ్ళు. అలాగే అంటారు. పడవవాళ్ళకి సున్నమంటే ప్రాణం. గూళ్ళు అడగ్గానే ఎందుకిచ్చారో ఇప్పుడు కొంచెం కొంచెం అర్థమవుతోంది.

రోజు 17

గాలి: ఒకటో గది 788. రెండో గది 839. మూడో గది 812.

పంతులమ్మ దాలమ్మ మండిపడుతూ వచ్చింది.

"వరాలూ, నీ పెట్టెకి మతి పోనాదేటి? పిల్లలు పాఠం సదువుతుంటే 'సేపకి మొప్పలు రెండు వేల నూట నలభై' అని వొచ్చింది. నిన్న సదివిన గుంటడు రెండు వేల నూట పది అంటాడు, ఇయ్యాల సదివిన గుంట నలభై అంటది. ఇద్దరూ కొట్టీసుకున్నారు."

నవ్వు ఆపుకుని పాఠం తెరిచాను. నిజమే. చేపల పాఠం నడిమధ్యలో ఒక అంకె కూర్చుని ఉంది. నేను చూస్తుండగానే 2140 పోయి 2155 అయింది.

నవ్వు పోయింది. పాఠాల నకలు ప్రతి శుక్రవారం పడవ పిల్లల కోసం పైకి వెళ్తుంది. అంటే మా పాఠంలో ఎవరు ఏ అంకె పెట్టినా శుక్రవారానికల్లా పడవవాళ్ళ చేతిలో ఉంటుంది. ఇంతకన్నా మంచి టపా ఎవరికి దొరుకుతుంది? దాలమ్మకి ఏమీ చెప్పలేదు. ఆమెకి ఇందులో వాటా లేదని నమ్మకమేమిటి?

రోజు 18

గాలి: ఒకటో గది 805. రెండో గది 842. మూడో గది 812.

పూటంతా పాఠం ముందే కూర్చున్నాను. అన్నం కూడా అక్కడే తిన్నాను.

పావుగంటకోసారి అంకె మారుతోంది. సరిగ్గా మూడో గది గాలియంత్రం పెట్టెతో మాట్లాడే క్షణంలోనే మారుతోంది. ఒకసారి అయితే కాకతాళీయం అనుకోవచ్చు. ఇరవై రెండుసార్లు చూశాను. రాసేది ఎల్లాజి యంత్రమే.

2155, 2190, 2240, 2080, 2230. మధ్యాహ్నం 2080కి పడిపోయినప్పుడు నాకు దొరికిందనిపించింది. కొట్టులో ఇంకో రెండు దిమ్మలు తగ్గింది కూడా మధ్యాహ్నమే. దిమ్మ పోయినప్పుడల్లా అంకె తగ్గుతుంది. ఎన్ని దిమ్మలు పైకి వస్తున్నాయో పడవవాళ్ళకి చెప్పే సంకేతం ఇది. ఒళ్ళు మండింది. పేట మొత్తం ఊపిరి అమ్ముకుంటున్నాడు, అదీ పిల్లల పాఠంలో పెట్టి.

రోజు 20

గాలి: ఒకటో గది 799. రెండో గది 847. మూడో గది 812.

నేను పిలవకుండానే ఎల్లాజి మళ్ళీ వచ్చాడు. మనిషి పీక్కుపోయాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గదిలో ఎవరూ లేకుండా చూసి తలుపు వేశాడు. నేను చెయ్యి సుత్తి మీద వేసి ఉంచాను.

"అమ్మీ, ఆ కొత్త గూళ్ళు పెట్టినకాణ్ణించే ఇదంతాను. నాకు నీ అంత సదువు నేదు. ఒకపాలి నా రేకు తీసి సూడకూడదా? మనిద్దరమే. ఎవులికీ సెప్పొద్దు."

రేకా? సభ లేకుండా, లక్క పగలగొట్టి? అతను దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"నీకు గేపకం నేదేటమ్మా? ఆ రోజు సుత్తి నీ సేతిలోనే ఉంది కదా."

ఈ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను, రేపు సభలో పనికొస్తాయి. సుత్తి నీ చేతిలో ఉంది అంటే అర్థమేమిటి? తను దొరికితే నన్నూ లాగుతానని. ఇది బెదిరింపు.

"మీరు వెళ్ళండి ఎల్లాజి గారూ," అన్నాను. పాతికేళ్ళలో అతన్ని గారు అని పిలవడం ఇదే మొదలు. అతనికి అర్థమైంది. తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు.

గంటలో సన్యాసమ్మ అత్తకి ఫిర్యాదు ఇచ్చాను.

రోజు 21

గాలి: ఒకటో గది 793. రెండో గది 836. మూడో గది 812.

సభ జరిగింది. దిమ్మల దొంగతనం, పాఠంలో సంకేతం, రేకు తియ్యమని అడగడం, మూడూ చెప్పాను. మూడో గదివాళ్ళు గోల చేశారు. నేను గాలి అంకె చెప్పగానే నోళ్ళు మూతపడ్డాయి. అంకెకి ఎదురు ఎవరు చెప్పగలరు?

సన్యాసమ్మ అత్త ఎల్లాజిని అడిగింది. "దిమ్మలు ముట్టుకున్నావా?"

"ముట్టుకున్నాను."

"వరాలుతో రేకు తియ్యమన్నావా?"

"అన్నాను."

"ఎందుకు?"

అతను నా వైపు చూశాడు. చాలాసేపే చూశాడు. తర్వాత తల వంచుకుని, "ఊరికే అన్నాను," అన్నాడు.

ఊరికే అన్నవాడు అంతసేపు చూడడు. శుక్రవారం పడవ వచ్చినప్పుడు అతన్ని పైకి పంపాలని సభ తేల్చింది. ముందురోజు చివరి సభ ఉంటుంది. అక్కడ గాలి అంకెల పట్టీ మొత్తం చదివి వినిపించాలి, ఆ పని నాది. ఇంటికి వచ్చి వండుకున్నాను. తినబుద్ధి కాలేదు. గెలిచినవాళ్ళకి ఆకలి వేస్తుందనుకునేదాన్ని.

రోజు 23

గాలి: ఒకటో గది 808. రెండో గది 844. మూడో గది

రాయబోయి ఆగాను.

రేపటి సభ కోసం ఈ పుస్తకంలోంచే పట్టీ తీస్తున్నాను. ఒకటో గది: 790, 802, 797, 811. రెండో గది: 845, 831, 850, 828. మూడో గది: 812, 812, 812, 812.

ఇక్కడ రాయని రోజులవి కూడా పెట్టెలో చూశాను. ఇరవై మూడు రోజులు, రోజుకి తొంభై ఆరు సార్లు, అన్నీ ఎనిమిది వందల పన్నెండే. మనుషులు తిరుగుతూ, తింటూ, పడుకుంటూ ఉన్న గదిలో గాలి ఇరవై మూడు రోజులు ఒక్క గీత కదలదా? రోజూ నా చేత్తో నేనే రాశాను. ఎల్లాజి చూపుని అనుమానించాను, సన్యాసమ్మ అత్త పకోడీని అనుమానించాను, దాలమ్మని కూడా వదల్లేదు. నా రాతని మాత్రం ఒక్కసారి కూడా అనుమానించలేదు.

812 అనేది నేను సామాను మార్చిన రోజు అంకె. ఆ రోజు ఎత్తి కొత్త గూట్లో పెట్టిన అంకె అక్కడే పడి ఉంది. తర్వాత దాని మీద ఎవరూ ఏమీ రాయలేదు. మరి యంత్రం పావుగంటకోసారి రాస్తున్నది ఎక్కడ రాస్తోంది?

ఎక్కడో నాకు తెలుసు. చేపల పాఠంలో.

గాలి అంకెకి కెర్నెల్ ఇచ్చిన గూడు నంబరు ఒక కాగితం మీద రాశాను. పాఠంలో ఆ అంకె కూర్చున్న గూడు నంబరు దాని కింద రాశాను. తీసివేశాను. రెండుసార్లు తప్పు వచ్చింది. మూడోసారి వచ్చింది: నూటేడు కోట్ల ముప్పై ఏడు లక్షల నలభై ఒక్క వేల ఎనిమిది వందల ఇరవై నాలుగు.

ఈ అంకె ఏ కెర్నెల్ కాపరికైనా నోటికి వచ్చు. రెండుని ముప్పైసార్లు వేసి గుణిస్తే వచ్చేది ఇదే. మూడో గది యంత్రానికి ఉన్నవి ముప్పై రెండు తీగలు కావు, ముప్పై. కెర్నెల్ పెద్ద నంబరు చెబితే దానికి పై భాగం పట్టుకునే తీగల్లేవు. మిగిలిన ముక్క పట్టుకుని కింది గూటికి వెళ్ళి, అక్కడ ఎవరున్నా వాళ్ళ నెత్తిన రాసి వస్తోంది. ఇరవై ఏడేళ్ళు గూళ్ళే నూటేడు కోట్లు కాబట్టి దాని చెయ్యి చాలింది, ఎవరికీ తెలియలేదు. పై గూళ్ళు తెచ్చి పెట్టింది నేను.

అంటే పాఠంలోని 2240 సంకేతం కాదు. మూడో గది గాలి. దిమ్మలు పరిచినప్పుడల్లా అంకె తగ్గింది, తగ్గదా మరి! ఇప్పుడే వెళ్ళి పాఠం చూశాను. 3910 ఉంది. దిమ్మల కొట్టుకి తాళం వేయించి రెండు రోజులైంది. వేయించిందీ నేనే.

రోజు 23, మళ్ళీ

పరుగెత్తాను. ఈ వయసులో పరుగెత్తానని ఒప్పుకోవడానికి సిగ్గులేదు. మూడో గదిలో ముప్పై ఒక్కమందినీ ఒకటో గదిలోకి తోలాను. ఇద్దరు ముసలివాళ్ళని మోసుకెళ్ళాల్సి వచ్చింది. ఒక పిల్ల దారిలో వాంతి చేసుకుంది. 812 చూసి నెమ్మదిగా తిరుగుతున్న పంకాలని చేత్తో తిప్పి జోరు పెంచాను. ఎవరూ పోలేదు. ఈ మాట మళ్ళీ రాస్తాను, ఎవరూ పోలేదు.

ఎల్లాజిని వేరే కొట్లో ఉంచారు. నేను అటు వెళ్ళలేదు.

ఇంటికి వచ్చాక ఆలోచించాను. దొంగతనం అబద్ధమని తేలింది. సరే. కానీ రేకు మీద ముప్పై రెండు ఎలా వచ్చింది? యంత్రం తీగలు దాని కాపరికి తెలియకుండా ఉంటాయా? చెయ్యి చాపుడు రోజు అందరూ ముప్పై రెండు అంటుంటే తనొక్కడే తక్కువ చెప్పడానికి నామోషీ పడి ఉంటాడు. పొట్టిచెయ్యి అంటారని భయపడి ముప్పై రెండని కోతలు కోసి ఉంటాడు. అందుకే రేకు చాటుగా తియ్యమన్నాడు, తన అబద్ధం తనే దిద్దుకోవాలని. ఇదీ నేరమే. రేపు సభలో దొంగతనం కొట్టేయమంటాను. ఈ మాట కూడా చెబుతాను. ఉన్నది ఉన్నట్టు చెప్పడమే నా పని.

రోజు 24

మూడో గది అంకె రాయను. యంత్రం మాట సరైన గూటికి చేరేదాకా రాయను.

సభలో ముందు నా తప్పు చెప్పాను. 812 సంగతి, కొత్త గూళ్ళ సంగతి, దిమ్మల కొట్టుకి తాళం వేయించిన సంగతి. మూడో గదివాళ్ళు నన్ను తిట్టిన తిట్లు రాయడానికి ఈ పుస్తకం చాలదు. తిట్టనిచ్చాను. తర్వాత, "అయితే అసలు తప్పు రేకు మీద ఉంది," అన్నాను. "ముప్పై తీగల యంత్రానికి ముప్పై రెండని కొట్టించుకున్నారు. రేకు మీద ముప్పై ఉంటే కెర్నెల్ దానికి ఎప్పుడూ కింది గూడే ఇచ్చేది."

సన్యాసమ్మ అత్త ఎల్లాజి వైపు తిరిగింది. "ఎల్లాజీ, నీ రేకు. పగలగొట్టించమంటావా?"

"ఒద్దు," అన్నాడు. "నానే తప్పు సెప్పానని రాసీసుకోండి. రేపు పడవలో ఎల్లిపోతాను. రేకు జోలికి ఎల్లకండి."

చూశారా, ఒప్పుకున్నాడు అనుకున్నాను. అంతలోనే ఇంకో అనుమానం తగులుకుంది. నేరం ఒప్పుకున్నాక ఇక దాచడానికి ఏముంటుంది? నోరు ఊరుకోలేదు. పగలగొట్టాల్సిందే, లేకపోతే మిగతా నలభై రేకులని ఎలా నమ్మాలి అన్నాను. సభంతా నా మాటే అంది. అత్త సుత్తి నా చేతికే ఇచ్చింది.

లక్క రాలింది. మడత విప్పాను.

ముప్పై రెండు ఉంది. కానీ రెండు కింద ఇంకో అంకె ఉంది. గుండ్రంగా చుక్కలు చుక్కలుగా ముందు సున్నా కొట్టారు. ఆ సున్నా మీద గట్టిగా, తొందరగా, రెండు కొట్టారు. చుక్కలన్నీ ఎడమకి వాలి ఉన్నాయి.

పేటలో ఎడమచేత్తో సుత్తి పట్టేది నేను ఒక్కదాన్నే. ఇప్పుడూ సుత్తి నా ఎడమచేతిలోనే ఉంది. సభలో ఒక్కొక్కరే ఆ చేతి వైపు చూశారు.

సన్యాసమ్మ అత్త ఎల్లాజిని గట్టిగా అడిగింది, ఏం జరిగిందో చెప్పకపోతే ఊరుకోనంది. అతను పంచె చెంగుతో మొహం తుడుచుకున్నాడు.

"ఆ రోజు నాను లెగిసి ముప్పై అన్నాను. ఉన్నదే సెప్పాను. మీరందరూ నవ్వీసారు. పొట్టిసెయ్యి, పొట్టిసెయ్యి అనీసి. నా ఆడది పోయి అప్పటికి నెల కాలేదు. ఆ నవ్వుకి నాను కూలబడిపోనాను. ఈ గుంట అక్కడ సుత్తి పట్టుకుని కూకుంది. ముప్పై కొట్టీసింది అప్పటికే. నా ఏపు ఒకపాలి సూసింది. సున్నా మీద మళ్ళీ కొట్టింది. తవిటినాయుడు తాత కళ్ళు అప్పటికే సరిగా ఆనేవి కావు, ఈ గుంట ఎంత సదివితే అంతే పెట్టెకి ఎక్కించాడు. బయటికి ఎల్లేటప్పుడు నా పక్కకి వొచ్చి, 'ఇంక నవ్వరు చిన్నాన్నా' అంది."

నాకు అప్పుడు గుర్తొచ్చింది. అంతా కాదు. చేతిలో మేకు జారడం, సున్నా మీద రెండు సరిగ్గా కూర్చోకపోతే వేలితో తడిమి చూడటం, ఆ మనిషి పైకెత్తని తల. ఎవరు ఎప్పుడు ఏ తప్పు చేశారో తేదీతో సహా చెప్పగలను. ఇది ఎలా మరిచిపోయానో తెలియదు. తప్పని తోచక మరిచిపోయానేమో.

అంటే మొన్న తలుపు వేసి అడిగింది బెదిరించడానికి కాదు. రేకు మార్చినవాళ్ళని పైకి పంపుతారు కాబట్టి నన్ను సభకి ఎక్కించకుండా దిద్దాలని చూశాడు. నేను వినకపోతే నా బదులు తను వెళ్ళడానికి ఒప్పుకున్నాడు. అలాంటి మనిషి మీద ఫిర్యాదు ఇచ్చాను, అదీ గంటలో.

"కట్టుబాటు ప్రకారం రేకు మార్చినోళ్ళు పైకి ఎల్లాల," అంది అత్త. "అయితే ఫిర్యాదు యంత్రం కాపరిది. ఇంకెవులిదీ సెల్లదు. సెప్పు ఎల్లాజీ. వరాలు మీద ఫిర్యాదు సేత్తావా?"

నేను చెయ్యమనే అనుకున్నాను. మనసులో కాదు, పైకే అన్నాను. "చెయ్యి చిన్నాన్నా."

అతను రేకు చేతిలోకి తీసుకుని ఆ సున్నాని, ఆ రెండుని బొటనవేలితో రుద్దాడు.

"ఫిర్యాదేటి అత్తా," అన్నాడు. "ఇరవై ఏడేళ్ళు ఎవులూ నవ్వలేదు కదా."

రోజు 25

పడవ వచ్చింది. ఎవరినీ తీసుకోకుండా వెళ్ళింది. పాఠాల నకలు ఇచ్చాను. పాఠాన్ని వేరే గూటికి మార్చాను, చేపకి మొప్పలు మళ్ళీ మామూలుగానే ఉన్నాయి.

రోజు 31

కొత్త రేకుకి చెయ్యి చాపుడు ఇవాళ. ఎల్లాజి చిన్నాన్న సభలో లేచి, "ముప్పై," అన్నాడు. వెనక ఎవరో కుర్రకారు కిసుక్కుమన్నారు. నేను సుత్తి ఎత్తి అటు చూశాను, ఆగిపోయారు. సున్నా కొట్టాను. మళ్ళీ దాని మీద ఏమీ కొట్టలేదు.

కెర్నెల్‌లో ఒక మజిలీ గూడు కట్టాను. చెయ్యి చాలని యంత్రం తన మాటని కింద, అందే చోట పెడుతుంది. అక్కడినుంచి కెర్నెల్ దాన్ని ఎత్తి పై గూట్లో పెడుతుంది. కాస్త ఆలస్యమవుతుంది, అంతకు మించి నష్టం లేదు. మిగతా నలభై రేకులూ కాపరుల చేతే అడిగించి పగలగొట్టిస్తున్నాం. ఇప్పటికి తొమ్మిది అయ్యాయి. రెండింట్లో తీగలు తక్కువున్నాయి. అవి నేను మార్చినవి కావు, కాపరులే సిగ్గుపడి పెంచి చెప్పుకున్నవి. సభ ఎవరినీ ఏమీ అనలేదు.

కాపరి పని నా దగ్గరే ఉంచారు, ఒక షరతు మీద. మూడో గది అంకె పుస్తకంలో రాసేముందు ఎల్లాజి చిన్నాన్నని పిలిచి అడగాలి. పొద్దున్నే వెళ్ళి తలుపు కొట్టాను. బయటికి వచ్చి గదిలో నిలబడి, ఒకసారి గట్టిగా గాలి పీల్చి, "బాగానే ఉంది, రాసీ," అన్నాడు. ముక్కుతో గాలి కొలిచే మనిషి. కొలత నాకన్నా సరిగ్గానే ఉంది.

గాలి: ఒకటో గది 803. రెండో గది 838. మూడో గది 874.